చేతుల చరిత్ర - 14: ఆరె అక్కర్లేని యంత్రం



పోయిన భాగం డప్పు తోలు గురించి. అది చదివి ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, ఇవన్నీ ఊరి సంగతులు. మేం చదువుకుంటున్న క్యాంపస్‌లో మన చేతులు ఎక్కడున్నాయి?" మంచి ప్రశ్న. అందుకే ఈసారి క్యాంపస్‌లోని టెన్నిస్ కోర్టు దగ్గరికే వెళ్దాం. తెల్ల బట్టలు, తెల్ల గీతలు, అటూ ఇటూ తిరిగే తలకాయలు. మనకేమీ సంబంధం లేదనిపించే చోటు అది. ఆ ఆటగాడి చేతిలో ఉన్న బ్యాటును ఒక్కసారి తీసుకుని దాని వల వైపు చూద్దాం.

మొదట నా దగ్గరికి ఈ విషయం ఎలా వచ్చిందో చెప్పాలి. పోయినేడు మా జిల్లా కేంద్రంలో పాత ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లాను. హాస్టల్ పిల్లలకి పుస్తకాల ర్యాకు కోసం ఇనుప పట్టీలు కావాలి. అక్కడ మూల ఒక వింత వస్తువు పడి ఉంది. కింద బరువైన ఇనుప పీట, దాని మీద గుండ్రంగా తిరిగే బల్ల, బల్లకి రెండు కొసల్లో బిగించే కొక్కేలు, ఒక పక్క పొడవాటి కడ్డీ. కొట్టాయన, "కుట్టుమిషను లాంటిదేదో అన్నా, క్లబ్బు వాళ్లు తూకానికి అమ్మేశారు" అన్నాడు. క్లబ్బు అనగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అది కుట్టుమిషను కాదు, టెన్నిస్ బ్యాట్లకి గట్టింగ్ చేసే యంత్రం. ఆ యంత్రం గురించి మా ఇంట్లో నా చిన్నప్పటినుంచీ వింటున్నాను. చూడటం మాత్రం అదే మొదలు. కిలోల లెక్కన డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

*

ముందు ఆ మాట దగ్గర ఆగుదాం. గట్టింగ్. షటిల్ ఆడేవాళ్లు, టెన్నిస్ ఆడేవాళ్లు "గట్టింగ్ తెగింది, గట్టింగ్ చేయించాలి" అంటుంటారు. ఇవాళ వేసేది నైలానో పాలిస్టరో. మాట మాత్రం పాతదే. గట్ అంటే పేగు. గట్టింగ్ అంటే పేగు అల్లడం.

క్యాట్‌గట్ అని కూడా అంటారు కానీ అందులో పిల్లి లేదు. మొదట్లో గొర్రె పేగు, తర్వాత ఆవు పేగు. పేగు బయటి పొర చాలా సన్నగా, సాగే గుణంతో ఉంటుంది. కోసిన వెంటనే పేగు తీసి, కడిగి, కొవ్వు గీకి, ఆ పొరను పొడవాటి పట్టీలుగా చీలుస్తారు. క్షారం నీళ్లలో నానబెట్టి శుభ్రం చేస్తారు. కొన్ని పట్టీలు కలిపి పురి పెడతారు. లాగి కట్టి, గాలీ తేమా చూసుకుంటూ ఆరబెడతారు. తర్వాత నునుపు చేసి పైన పూత వేస్తారు. ఒక టెన్నిస్ బ్యాటుకి సరిపడా గట్ కావాలంటే సుమారు మూడు ఆవుల పేగు పడుతుందని ఆ పరిశ్రమలో చెప్పే లెక్క.

ఇది చదివి మీలో కొందరికి కడుపులో తిప్పి ఉంటుంది. కొందరికి మాత్రం ఆదివారం పొద్దున గుర్తొచ్చి ఉంటుంది. మా అమ్మ బోటి కడిగేది. పుల్ల దూర్చి పేగుని లోపలిది బయటికి తిప్పేది. సున్నం రాసి, వేడినీళ్లు పోసి, వేలితో జారుస్తూ పొర పొరా శుభ్రం చేసేది. ఎక్కడ పట్టుకుంటే తెగుతుందో, ఎక్కడ లాగితే సాగుతుందో ఆమె వేళ్లకి తెలుసు. మనం వాసన అనుకున్న చోట ఒక విద్య ఉంది. ఆ విద్యకి ఒక దేశంలో ఏం దక్కిందో, ఇంకో దేశంలో ఏం దక్కిందో చూడండి.

1874లో ఇంగ్లండులో వాల్టర్ వింగ్‌ఫీల్డ్ అనే మేజర్ లాన్ టెన్నిస్ ఆటకి పేటెంటు తీసుకున్నాడు. 1877లో వింబుల్డన్ పోటీలు మొదలయ్యాయి. మధ్యలో 1875లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పియర్ బబోలా టెన్నిస్ బ్యాట్లకి పేగు తంతులు తయారుచేయడం మొదలుపెట్టాడు. అంతకుముందు వాళ్లది సంగీత వాద్యాలకి పేగు తంతులు చేసే పని. ఆ ఇంటిపేరే ఇవాళ ప్రపంచంలో పెద్ద టెన్నిస్ కంపెనీల్లో ఒకటి. పేగు ముట్టుకున్న ఇంటిపేరు అక్కడ బ్రాండు అయింది. మన దగ్గర ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. పేగు ముట్టుకున్నవాడి పేరు తిట్టు అయింది. తంగేడు చెక్కతో, సున్నంతో లంద దగ్గర తోలు ఊనినవాడి వాసన గురించి సామెతలు పుట్టాయి. ఆ తోలు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు చేరితే మాత్రం దానికి వాసన లేదు.

*

ఇప్పుడు ఆరె సంగతి.

ఆరె అంటే చెప్పులు కుట్టే సూది. చెక్క పిడి, ముందు ఇనుప మొన. మాదిగ ఇంట్లో ఆరె, రంపె లేకుండా పని లేదు. యంత్రాలు రాకముందు బ్యాటు అల్లడానికి కావలసింది కూడా ఆరే. గట్ ఫ్రేములోని కన్నంలోంచి బయటికి తీసి, దాని కొసని ఒక కర్రకి చుట్టి, ఫ్రేముని అదిమిపట్టి బలంగా లాగుతారు. లాగి వదిలితే సడలిపోతుంది కదా? అందుకని లాగి ఉన్నప్పుడే కన్నంలో తంతి పక్కన ఆరె మొన దిగ్గొడతారు. ఆరె మేకులా నిలబడి తంతిని కదలనివ్వదు. తర్వాతి తంతి లాగాక మొదటి ఆరె తీసి రెండో కన్నంలో పెడతారు. ఇలా కన్నం కన్నానికీ. బ్రిటన్‌లో, అమెరికాలో, ఇండియాలో చేత్తో అల్లేవాళ్లందరిదీ ఇంచుమించు ఇదే పద్ధతి.

మా పెదనాన్న ఆ క్లబ్బులోకి అలాగే వెళ్లాడు. 1950ల మధ్యలో. కలెక్టరు, జడ్జి, పెద్ద రైతులు, డాక్టర్లు ఆడుకునే క్లబ్బు అది. పేరు చెప్పను. బ్యాటు తంతి తెగితే మద్రాసు పంపేవాళ్లట. నెల పట్టేది. ఎవరో అన్నారట, "ఆరె పట్టేవాణ్ణి ఒకణ్ణి పిలిపించండి, నేర్చుకుంటాడు" అని. మా పెదనాన్నకి కబురొచ్చింది. మూడు బ్యాట్లు పాడుచేసి నాలుగోది అల్లాడట.

ఆయన దగ్గర రెండు ఆరెలు ఉండేవి. ఒకటి మొన వాడిది, చెప్పులకి. ఇంకోదాని మొనని రాయి మీద అరగదీసి గుండ్రం చేసుకున్నాడు, బ్యాట్లకి. వాడి మొన తగిలితే గట్ చీలిపోతుంది. ఇది ఆయనకి ఎవరూ చెప్పలేదు. పాడైపోయిన మూడు బ్యాట్లే చెప్పాయి.

బిగువు ఎంతో చూడటానికి ఆయనకి కాటా లేదు. చెవి ఉంది. డప్పు వాయించే మనిషి. మంట దగ్గర డప్పు కాస్తూ వేలితో కొట్టి వింటారు చూడండి, అలాగే తంతిని మీటి వినేవాడు. ఫలానా డాక్టరుగారి బ్యాటుకి ఇంత మోత, ఫలానా వకీలుగారి బ్యాటుకి ఇంత మోత అని గుర్తు. తంతి ఎంత బిగిస్తే అంత సన్నని స్వరం పలుకుతుందని భౌతికశాస్త్రం పుస్తకంలో మనం చదువుకున్నదే ఆయన చేసింది. వానాకాలం గట్‌కి చెమ్మ తగిలి సడలుతుందని, అప్పుడు ఇంకాస్త బిగించాలని కూడా ఆయన లెక్క.

క్లబ్బు వరండా చివర, మెట్ల కింద ఆయన చోటు. మంచినీళ్ల గ్లాసు వేరు. బ్యాటు లోపలికి వెళ్లేది, మనిషి వెళ్లేవాడు కాదు. లోపల కూచున్నవాళ్లలో గొడ్డుమాంసం పేరు వింటే ముక్కు మూసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నది గొర్రె పేగో, ఆవు పేగో. దాన్ని ఆట అన్నారు. అదే పేగు మా పొయ్యి మీద ఉడికితే అంటు అన్నారు.

ఇది మా పెదనాన్న ఒక్కడి కథే అనుకోకండి. మన దేశంలో క్రికెట్ తొలి గొప్ప బౌలర్లలో ఒకడు పల్వంకర్ బాలూ. చమార్ కులం. 1890లలో పూనాలో యూరోపియన్ల క్లబ్బులో నెలకి నాలుగు రూపాయల జీతానికి చేరాడు. పని ఏమిటంటే పిచ్ దొర్లించడం, వలలు కట్టడం, అవసరమైనప్పుడు టెన్నిస్ కోర్టుకి గీతలు గీయడం. దొరలకి నెట్స్‌లో బంతులు వేసీ వేసీ బౌలరయ్యాడు. తర్వాత హిందువుల జట్టు గెలవాలంటే బాలూ కావలసి వచ్చింది. మైదానంలో అతను విసిరిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ మాత్రం పెవిలియన్ బయట, వాడి పారేసే మట్టి పిడతలో ఇచ్చారు. 1911లో ఇంగ్లండు పర్యటనలో అతను వందకు పైగా వికెట్లు తీశాడు. ఆట పూర్తిగా తెలిసినవాడు కూడా ముందు గీతలు గీసే మనిషిగానే గేటు దాటాల్సి వచ్చింది. ఈ గీతల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

*

మా పెదనాన్న అల్లిన ఫ్రేముల్లో చాలావాటి మీద జలంధర్ ముద్ర ఉండేదట. ఆ ఊరి పేరు వెనక పెద్ద చరిత్ర ఉంది. అందుకోసం కాసేపు పంజాబ్ వెళ్లాలి.

ఆట వస్తువుల తయారీకి మొదట పేరు మోసిన ఊరు సియాల్‌కోట్. కంటోన్మెంటు ఊరు. 19వ శతాబ్దం చివర్లో ఉబెరాయ్ వంటి సంస్థలు అక్కడ బ్యాట్లు, హాకీ కర్రలు, బంతులు చేసి సైన్యానికీ ఇతర దేశాలకీ అమ్మాయి. మల్బరీ కర్ర పంజాబ్‌లో దొరుకుతుంది. తోలు దొరుకుతుంది. మరి చేతులు?

సియాల్‌కోట్ చుట్టుపక్కల మేఘ్ అనే కులం ఉండేది. నేత పని. అంటరానివాళ్లు. మిల్లు గుడ్డ వచ్చి మగ్గం కూలుతుంటే వాళ్లలో చాలామంది ఆట వస్తువుల కార్ఖానాల్లో చేరారు. 20వ శతాబ్దం మొదట్లో ఆర్య సమాజ్ వాళ్లని "శుద్ధి" చేసి భగత్‌లు అంది. ఇక తోలు ఊనే పని చమార్లది.

వీళ్లు పొలం కొనుక్కుని బతకొచ్చు కదా అంటారా? 1900లో బ్రిటిష్ ప్రభుత్వం పంజాబ్ భూమి బదలాయింపు చట్టం తెచ్చింది. వ్యవసాయ కులాల జాబితాలో ఉన్నవాళ్ల భూమిని ఆ జాబితాలో లేనివాళ్లు కొనకూడదు. వడ్డీ వ్యాపారుల నుంచి రైతుని కాపాడటానికి అన్నారు. ఆ జాబితాలో దళితులు లేరు. పొలంలో కూలీ చేసేవాడు చట్టం ప్రకారం వ్యవసాయదారుడు కాడు. భూమి దారి మూశారు, చేతి పని దారి ఒక్కటే మిగిలింది.

1947లో సరిహద్దు గీశారు. సియాల్‌కోట్ పాకిస్తాన్‌కి వెళ్లింది. హిందూ, సిక్కు యజమానులు ఇటు వచ్చి జలంధర్‌లో, మీరట్‌లో మళ్లీ కార్ఖానాలు పెట్టారు. వాళ్లతో పాటు పని తెలిసిన మేఘ్‌లూ వచ్చారు. జలంధర్‌లో భార్గవ్ క్యాంపు అనే శరణార్థుల బస్తీ వాళ్ల ఊరయింది. అదే జలంధర్‌లో బూటా మండీ ఉంది. తోలు వ్యాపారంతో తలెత్తిన దళితుల పేట అది. మంగూరామ్ 1926లో మొదలుపెట్టిన ఆద్ ధర్మ్ ఉద్యమానికి ఆ తోలు డబ్బే అండ. 1931 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల మందికి పైగా తమ మతం ఆద్ ధర్మ్ అని రాయించుకున్నారు. బూటా మండీకి చెందిన సేఠ్ కిషన్ దాస్ 1937లో పంజాబ్ శాసనసభకి గెలిచాడు. 1951 అక్టోబరులో బాబాసాహెబ్ జలంధర్ వచ్చాడు.

మనకి ఇది పరాయి కథ కాదు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ మనల్ని పంచములు అనొద్దు, ఆది ఆంధ్రులం అన్నాడు. హైదరాబాద్‌లో ఆది హిందువులం అన్నాడు. అక్కడ ఆద్, ఇక్కడ ఆది. ఇద్దరూ చెప్పింది ఒకటే: ఈ నేలకి ముందు వచ్చినవాళ్లం మేము.

ఇక్కడ ఒక్కటి గమనించండి. జలంధర్ బ్యాటులో నేతగాడి చెయ్యీ, తోలు పనివాడి చెయ్యీ కలిశాయి. మన దగ్గర మాలల్లో చాలామంది ముతక గుడ్డ నేసేవాళ్లు. మాదిగలు తోలు పని. బ్యాటు అల్లకంలో నిలువు తంతులు పడుగు, అడ్డ తంతులు పేక. ఒకటి మీద నుంచి, ఒకటి కింద నుంచి. మా పెదనాన్న ఈ పని నేర్చుకునేటప్పుడు అడ్డం తంతి దగ్గర తికమకపడితే, పక్క పేటలో మగ్గం నేసే మాల తాత చూపించాడట: "ఒరే, ఇది పేకే కదరా." మాల మగ్గం, మాదిగ ఆరె ఒక బ్యాటు మీద కలిశాయి. మనం వేరువేరు జెండాలు పట్టుకుని ఒకరి మీద ఒకరు కేకలు వేసుకునే రోజుల్లో ఈ మాట చెప్పాలనిపించింది.

*

ఇక యంత్రం వచ్చిన సంగతి.

బ్యాటుని బల్ల మీద బిగించి, తంతిని ఒక పట్టులో పెట్టి, బరువుతోనో స్ప్రింగుతోనో లాగి, క్లాంపులతో పట్టి ఉంచే యంత్రాలు అమెరికాలో, యూరప్‌లో వచ్చాయి. పాత అమెరికన్ యంత్రాల్లో ఒకదాని పేరే "నో-ఆల్". అంటే ఆరె అక్కర్లేదు అని. 1964లో బడ్ హెల్డ్ అనే మాజీ జావెలిన్ ఆటగాడు శాన్ డియాగోలో ఎక్‌టెలాన్ అనే కంపెనీ పెట్టాడు. దాని మొదటి సరుకు ఇలాంటి యంత్రమే. మా ఇంటికి వచ్చిన దాని మీద పేరు పలక ఊడిపోయింది. అది ఎవరి తయారీయో గానీ, పని అదే: ఆరె అక్కర్లేకుండా చేయడం.

మా క్లబ్బుకి ఆ యంత్రం 1970లలో వచ్చింది. దాన్ని వరండాలో పెట్టలేదు. ఖరీదైన ఫారిన్ సరుకు కాబట్టి లోపల, పేకాట గది పక్కన పెట్టారు. లోపల పెట్టాక మా పెదనాన్న దాన్ని ముట్టుకునేదెలా? అప్పటికి గట్ పోయి నైలాన్ కూడా వచ్చేసింది. పేగు లేదు, ఆరె లేదు, వాసన లేదు. పనికి "ఆపరేటర్" అని పేరు పెట్టారు, జీతం పెంచారు. ఆ ఉద్యోగం క్లబ్బు లెక్కలు రాసే ఆయన మేనల్లుడికి ఇచ్చారు. ఆ కుర్రాడికి యంత్రం నడపడం రాకపోతే మెట్ల దగ్గరికొచ్చి పెదనాన్ననే అడిగేవాడట, "ఏరా, ఎంత బిగించాలి" అని. పాతికేళ్ల కుర్రాడు, యాభై దాటిన మనిషిని.

పెదనాన్నకి వేరే పని ఇచ్చారు. బంతులు ఏరడం, కోర్టుకి సున్నం గీతలు గీయడం. బాలూ మొదలుపెట్టిన పనితో మా పెదనాన్న ముగించాడు. నాలుగేళ్లు గీశాడు. తర్వాత చేతికి సున్నం పుండ్లు పడి మానేశాడు.

నేను చాలాకాలం ఆ యంత్రాన్ని తిట్టుకుంటూ పెరిగాను. యంత్రం వచ్చి మా పెదనాన్న పని పోగొట్టిందనే అనుకున్నాను. బాబాసాహెబ్‌ని చదివాక ఆ మాట దిద్దుకున్నాను. కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకి ఏం చేశారని అడుగుతూ ఆయన 1945లో రాసిన పుస్తకంలో యంత్రాన్ని వెనకేసుకొచ్చాడు. చాకిరీ తగ్గితేనే పేదవాడికి తీరిక, తీరిక ఉంటేనే చదువూ సంస్కృతీ అన్నది ఆయన వాదం. చెడు యంత్రంలో లేదు, దాని లాభం కొందరికే దక్కేట్టు కట్టిన సమాజంలో ఉంది. నిజమే కదా. మా పెదనాన్న చేతులు కాయలు కాచాయి. గట్ లాగీ లాగీ చూపుడువేలు మీద లోతైన గీత పడింది. ఆ యంత్రం ఆయనకే ఇచ్చి ఉంటే ఆ వేలు బాగుపడేది. యంత్రం ఆయన పని తీసుకోలేదు. యంత్రాన్ని లోపల పెట్టి తలుపేసినవాళ్లు తీసుకున్నారు.

అందుకే దాన్ని తుక్కు చేయనివ్వలేదు. బాగుచేద్దామనుకున్నాను.

*

బాగుచేసిన తీరు కూడా రాస్తాను. ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి వారం తుప్పు. కిరసనాయిలులో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో గీకి, సన్న గరుకు కాయితంతో రుద్దాను. తిరిగే బల్ల పట్టేసి ఉంది. విప్పితే లోపల గ్రీజు మట్టిలా గడ్డకట్టింది. బేరింగు గుళ్లు కడిగి కొత్త గ్రీజు పెట్టాక వేలితో తోస్తే చాలు, తిరిగింది.

రెండోది క్లాంపులు. ఇవి లాగిన తంతిని పట్టుకుని ఉంచేవి, అంటే ఆరెకి బదులు. వాటి దవడల మధ్య పాత నైలాన్ జిడ్డు పేరుకుని జారిపోతున్నాయి. స్పిరిట్, పాత పళ్లబ్రష్షు. దవడలు నున్నగా అరిగిన చోట గరుకు చేయాలనిపిస్తుంది. చేయకండి, తంతి కోసుకుపోతుంది. శుభ్రం చేసి మర బిగువు సరిచూస్తే చాలు.

మూడోది అసలు సమస్య. కడ్డీ ఉంది, దాని మీద జరిగే బరువు లేదు. ఈ రకం యంత్రం పనిచేసేది పాత దుకాణాల్లో కడ్డీ మీద గుండు జరిపి తూచే కాటా సూత్రం మీదే. తంతి ఒక చిన్న చక్రానికి చుట్టుకుంటుంది. చక్రానికి కడ్డీ, కడ్డీ మీద బరువు. బరువుని కడ్డీ దూరంతో హెచ్చవేసి చక్రం వ్యాసార్ధంతో భాగిస్తే తంతి మీద పడే లాగు వస్తుంది. లేత్ షాపులో 4 కిలోల ఇనుప బిళ్ల తిప్పించాను. చక్రం వ్యాసార్ధం 2.5 సెంటీమీటర్లు. 25 కిలోల లాగు కావాలంటే 25ని 2.5తో హెచ్చవేస్తే 62.5, దాన్ని 4తో భాగిస్తే 15.6. అంటే చక్రం నడిమధ్య నుంచి 15.6 సెంటీమీటర్ల దూరంలో బరువు ఉండాలి. కడ్డీకి సొంత బరువు కూడా ఉంటుంది కాబట్టి ఇంకాస్త దగ్గరికి జరపాలి. ఎంత దగ్గరికో తేల్చడానికి చేపలు తూచే స్ప్రింగ్ కాటాని తంతి స్థానంలో కట్టి, కడ్డీ వదిలి, ముల్లు చూసి కడ్డీ మీద కొత్త గీతలు పెట్టాను.

ఒక జాగ్రత్త. కడ్డీ నేలకి సమాంతరంగా ఆగినప్పుడే పూర్తి లాగు. పది డిగ్రీలు కిందికో పైకో ఉంటే సుమారు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. అది ఫరవాలేదు. ముప్పై డిగ్రీలైతే 13 శాతం పైన తగ్గుతుంది. అలా అయితే కడ్డీ ఎత్తి తంతిని మళ్లీ పట్టించి వదలాలి.

నాలుగోది బ్యాటు. జలంధర్ ముద్ర ఉన్న పాత చెక్క బ్యాటు ఒకటి మా అటక మీద ఉంది. చెక్క బ్యాటు వంకరపోయిందేమో ముందు బల్ల మీద పడుకోబెట్టి చూడాలి. కన్నాల అంచులు వాడిగా ఉంటే తంతి అక్కడే తెగుతుంది. సన్నగా చుట్టిన గరుకు కాయితంతో నునుపు చేశాను. పాత చెక్కకి 25 కిలోలు కూడా ఎక్కువే అని 22తో సరిపెట్టాను.

ఇక అల్లకం. పడుగు నడిమధ్య నుంచి మొదలుపెట్టాలి. కుడి ఒకటి, ఎడమ ఒకటి, మార్చి మార్చి. ఒకవైపే లాగుకుంటూ పోతే చెక్క వంగి విరుగుతుంది. 18 పడుగులు, ఒక్కోటి 22 కిలోలు. లెక్కేస్తే దాదాపు నాలుగు క్వింటాళ్ల బలం ఆ చిన్న చెక్క చట్రాన్ని పైనుంచీ కిందనుంచీ నొక్కుతుంది. పేక పడేదాకా ఆ బలం ఒకవైపే ఉంటుంది. అందుకే పడుగు అయ్యాక భోజనానికి లేవకూడదు. వెంటనే పేక వేయాలి. నేను లేచాను. వచ్చేసరికి ఫ్రేము మెడ దగ్గర సన్నని బీట. జిగురు పెట్టి, దారం చుట్టి, మూడు రోజులు ఆరబెట్టి మళ్లీ మొదటికొచ్చాను. మా పెదనాన్నకి మూడు బ్యాట్లు చెప్పినవి నాకు ఒకటి చెప్పింది.

రెండోసారి పేక సగం దాకా వచ్చాక ఒక కన్నం మూసుకుపోయింది. అప్పటికే దాంట్లోంచి ఒక పడుగు తంతి వెళ్లింది, పేక దూరడం లేదు. ఎంత తోసినా కొస మడతపడుతోంది. ఇలాంటి చోట ఇవాళ్టి కంప్యూటర్ యంత్రాల మీద పనిచేసే వాళ్లు కూడా ఒక పనిముట్టు పక్కన పెట్టుకుంటారని అప్పుడే తెలిసింది. అది ఆరె. "ఆరె అక్కర్లేదు" అని పేరు పెట్టుకున్న యంత్రానికి కూడా ఆరె కావాలి. పెద్దమ్మని అడిగాను. ట్రంకు పెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టింది తీసి ఇచ్చింది. మొన అరగదీసి గుండ్రం చేసిన ఆరె. పడుగు తంతికి గీత కూడా పడకుండా పక్కకి జరిపింది. పేక దూరింది.

మొత్తం అయ్యేసరికి మూడు గంటలు. మీటి చూశాను. పెద్దమ్మ వంటింట్లోంచి అంది, "ఇంకాస్త బిగించాల్సింది నాయనా, మీ పెదనాన్న మోత ఇది కాదు." ఆమె ఇరవై ఏళ్లు ఆ చప్పుడు విన్నది.

*

ఇప్పుడు ఆ యంత్రం మా హాస్టల్ వరండాలో ఉంది. పిల్లలు షటిల్ ఆడతారు. గోపీచంద్, సైనా, సింధు తర్వాత మన పల్లెల్లో కూడా షటిల్ బ్యాటు లేని వీధి లేదు. తంతి తెగితే మాత్రం పట్నం వెళ్లాలి, రెండు మూడు వందలు పెట్టాలి. చాలామంది తెగిన బ్యాటు గోడకి తగిలించి ఆట మానేస్తారు. షటిల్ బ్యాటు సన్నది, 10 కిలోల లాగు చాలు. దాన్ని పట్టే కొక్కేలు వేరుగా చేయించాం. నలుగురు నేర్చుకున్నారు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. నడపాలంటే బరువు, దూరం, వ్యాసార్ధం లెక్క చేసి చూపించాలి. అది మా ఒక్క షరతు. తొమ్మిదో తరగతిలో అర్థంకాని మీట సూత్రం ఇక్కడ ఒక పూటలో అర్థమైంది.

విద్యార్థి మిత్రులకి ఒక పని. మీ కాలేజీలో, మీ ఊరి క్లబ్బులో ఆట చరిత్ర రాస్తే కప్పులు గెలిచినవాళ్ల పేర్లు బోర్డు మీద ఉంటాయి. ఆ బ్యాట్లు అల్లింది ఎవరు, గీతలు గీసింది ఎవరు, బంతులు ఏరింది ఎవరు? ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వెళ్లి అడగండి. పేరు, ఊరు, జీతం, కూచున్న చోటు, నీళ్లు తాగిన గ్లాసు, వాడిన పనిముట్టు రాసుకోండి. పనిముట్టు దొరికితే తుక్కులో పోనివ్వకండి. ఒకటి రెండు వారాల్లో వాళ్లు మనకి దొరకకుండా పోవచ్చు.

ఉద్యమ మిత్రులకి ఇంకో మాట. కొత్త యంత్రం వచ్చిన ప్రతిచోటా ఒక ప్రశ్న వేయండి. దాన్ని ఏ గదిలో పెడుతున్నారు, ఆ గదిలోకి ఎవరిని రానిస్తున్నారు? మెషీన్ హోల్ శుభ్రం చేసే యంత్రమైనా, కంప్యూటర్ ల్యాబైనా ప్రశ్న అదే. పని మురికిగా ఉన్నంతకాలం మనది, యంత్రం వచ్చి శుభ్రపడగానే ఇంకొకరిది అయితే అది అభివృద్ధి కాదు. తలుపు దగ్గరే అడగాలి.

ఆ జలంధర్ బ్యాటుని హాస్టల్ గోడకి తగిలించలేదు. దాంతో ఆడుతున్నారు. మొన్న ఆదివారం దాని తంతి ఒకటి తెగింది. పదో తరగతి అమ్మాయి వరండాలో యంత్రం ముందు కూచుని, పక్కన ఆరె పెట్టుకుని, దాన్ని విప్పుతోంది.

వచ్చే భాగంలో కబేళాల చరిత్ర. జై భీమ్.